గాటు మొన దగ్గరే ఉంది సంగతంతా

ఒరేయ్,

ఐసు దిమ్మెలు విరిచి పగులు నిరోధం (అంటే ఉన్న పగులు పాకకుండా ఐసు ఎంత గట్టిగా అడ్డుకుంటుందన్నది) కొలుస్తానని రాశావు, సంతోషం. ఏ మెషీన్ కొనాలని రెండు పేజీలు అడిగావు గానీ నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అసలు పని అక్కడే మొదలవుతుందిరా.

కుళాయి నీళ్లు పట్టి ఫ్రీజర్‌లో పెట్టావనుకో, అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది. గడ్డకట్టే నీరు 9 శాతం ఉబ్బుతుంది కదా, నడుమ చిక్కుకున్న నీటికి చోటుండదు, దిమ్మె లోపలి నుంచే చీలుతుంది. కరిగున్న గాలేమో మధ్యకు చేరి తెల్లటి బుడగలవుతుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ మరగబెట్టి, వాక్యూమ్‌తో గాలి లాగేసి, సున్నా డిగ్రీలకు చల్లార్చు. 1 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య జల్లెడ పట్టిన ఐసు రవ్వను అచ్చులో నింపి, దాన్లో గాలి కూడా లాగేశాక ఆ నీళ్లు వదులు. పక్కలకీ పైనా థర్మోకోల్ కట్టి, చలి అడుగు నుంచి మాత్రమే తగలనివ్వు. ఉబ్బు పైకి పోతుంది. స్ఫటికాల సైజు రవ్వను బట్టే వస్తుంది.

వచ్చిందో లేదో చూడాలంటే పలుచటి ముక్క కోసి గాజు పలకకు అతికించి, అర మిల్లీమీటరు దాకా చెక్కి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరాయిడ్ల (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పలకల) మధ్య పెట్టు. ఒక్కో స్ఫటికం ఒక్కో రంగులో వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇక గాటు, అంటే పగులు అక్కడే మొదలయ్యేలా దిమ్మెకు ముందే పెట్టే కోత. రంపంతో కోసిన గాటు మొన మొద్దుగా ఉంటుంది, దాన్ని కొత్త బ్లేడుతో ఒక్క ఒత్తుతో పదును చెయ్యాలి. బ్లేడు కోల్డ్ రూమ్‌లోనే ఉండాలి సుమా. చేతి వెచ్చదనం ఎక్కిన బ్లేడు తగిలితే మొన కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టి గుండ్రమవుతుంది. పగులు మొదలవడానికి ఎక్కువ బలం కావాలి, లెక్క అబద్ధంగా పెద్దదొస్తుంది. గాటు పెట్టి రాత్రంతా ఉంచినా అదే గతి. మైనస్ 10లో ఐసు కరిగే స్థానానికి 10 డిగ్రీల దూరంలోనేగా ఉంది!

మెషీన్ మాటకొస్తే, దిమ్మెను రెండు ఆధారాల మీద పెట్టి నడుమ రోలర్‌తో నొక్కి విరుస్తావు. దిమ్మె అడ్డకోత 50 మిల్లీమీటర్ల చదరం, ఆధారాల మధ్య దూరం 200, గాటు లోతు 25 అనుకో. మంచినీటి ఐసు పగులు నిరోధం సుమారు 0.1 మెగాపాస్కల్ రూట్ మీటర్ (పగులు నిరోధానికి కొలమానం అదే), గాజుకుండేదాంట్లో ఏడో వంతు. దిమ్మె, గాటు ఆకారాన్ని బట్టి సూత్రంలో వేసే గుణకం ఈ కొలతలకు 2.66, అంటే దాదాపు 105 న్యూటన్లకే విరుగుతుంది. పది కిలోల బరువంతే! 50 కిలోన్యూటన్ల లోడ్ సెల్‌తో (బలాన్ని కొలిచే పరికరంతో) దాన్ని కొలవాలనుకోకు, 500 న్యూటన్లది చాలు. దిమ్మె సొంత బరువు కూడా 2 శాతం దాకా కలుస్తుంది, లెక్కలో వేసుకో.

కొన్ని సెకన్లలో విరిగేలా లోడ్ ఎక్కించు. నిదానిస్తే ఐసు సాగిపోయి మొన మొద్దుబారుతుంది. బలం, వంపుల గ్రాఫ్ గీత దిమ్మె విరిగే ముందే వంగిందంటే ఆ పరీక్షను నమ్మకు. రోలర్ కింద ఐసు నలిగినా గీత వంగుతుంది, కాబట్టి దిమ్మె ఎంత వంగిందో దిమ్మె మీదే కొలు.

విరిగిన ముక్కలు పారెయ్యకు. గాటు లోతు ఆ విరిగిన ముఖం మీదే మూడు చోట్ల కొలవాలి. తరవాత ఐసు ముక్కలతో కలిపి సంచిలో బిగించి పెట్టు, లేదంటే చలిలోనే ఆవిరై అంచులు అరిగిపోతాయి.

ఉంటా మరి.