సభ షీటు: ఎవరికి కావలసిన సెషన్లు వాళ్లకే కనిపించాలి

అందరికీ నమస్కారం. మన ఆన్‌లైన్ సాహిత్య సభ కార్యక్రమాల గూగుల్ షీటు చూసుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

షీటులో మామూలు ఫిల్టర్ పెట్టకండి. అది తెరిచిన అందరికీ వర్తిస్తుంది. మీరు కథల సెషన్లు మాత్రమే ఉంచితే, కవిత్వం కోసం వచ్చినవాళ్లకు అసలు కవి సమ్మేళనమే లేదనిపిస్తుంది. డేటా మెనూలో ‘ఫిల్టర్ వ్యూ’ తీసుకోండి. కథకు ఒకటి, కవిత్వానికి ఒకటి, పిల్లల కార్యక్రమాలకు ఒకటి చాలు. ప్రతి వ్యూకీ వేరే లింకు వస్తుంది, అతిథులకు ఆ లింకే పంపండి. షీటు వాళ్లకు చూసే అనుమతితో ఉంటే సరిపోతుంది. మార్చే అనుమతి మాత్రం వద్దు.

అసలు చిక్కంతా టైముతోనే. ‘రాత్రి ఎనిమిదిన్నర’ అని అక్షరాల్లో రాస్తే వరస కుదరదు. తేదీ, టైము కలిపి ఒకే కాలమ్‌లో, 20:30 పద్ధతిలో, భారత కాలమానంలో వేయండి. వరస దాని మీదే పెట్టండి. న్యూయార్క్ టైము పక్క కాలమ్‌లో ఉండాలి. మన రాత్రి 8:30 అక్కడ వేసవిలో ఉదయం 11, నవంబరు మొదటి ఆదివారం నుంచి 10 అవుతుంది. నవంబరులో అక్కడి పెద్దవాళ్లు పాత టైముకే, అంటే గంట ఆలస్యంగా వచ్చి సెషన్ పోగొట్టుకోకూడదు కదా.

పిల్లల వ్యూ ఎవరు చేస్తారో ఇక్కడే చెప్పండి.