ఐరన్ ఫాస్ఫేట్ క్యాథోడ్ పొడి ఇక్కడే తయారు కావాలి

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కార్యదర్శి గారికి,

లిథియం అయాన్ బ్యాటరీలో క్యాథోడ్‌గా, అంటే ధన ధ్రువంగా పనిచేసే, కోబాల్ట్, నికెల్ అక్కరలేని పదార్థమైన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్‌తో కలిసి లోకానికి పరిచయం చేసినవారిలో భారతీయ మూలాలున్న అక్షయ పాఢి, నంజుండస్వామి ఉన్నారు. ఆ సంగతి మనమే అంతగా చెప్పుకోము. ఇనుము చవకే, కానీ ఈ పదార్థంలో విద్యుత్తు సులువుగా ప్రవహించదు కనుక, రేణువులను అతి సన్నగా చేసి, వాటిపై కార్బన్ పూతను సమంగా పట్టించడంలోనే అసలు నేర్పు ఉంది. హైదరాబాదు బాలాపూర్‌లో మీ విభాగం కిందనే ఉన్న, లోహపు పొడులు, కొత్త పదార్థాలపై పరిశోధించే ఏఆర్‌సీఐ సంస్థ ఆ పద్ధతిని అభివృద్ధి చేసింది. 2021 నాటి రూ.18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రధానంగా బ్యాటరీ సెల్ తయారీదారులను ఉద్దేశించింది, క్యాథోడ్ పొడి చేసేవారిని కాదు. 2025 జులైలో చైనా ఈ క్యాథోడ్ పరిజ్ఞానం ఎగుమతిపై ఆంక్షలు విధించాక, అక్కడి నుంచి తెచ్చుకోవచ్చులే అన్న ధీమాకు తావు లేదు.

కాబట్టి చిన్న సంస్థలు రుసుము చెల్లించి తమ పొడిని టన్నుల లెక్కన తయారు చేసి పరీక్షించుకోగల ఉమ్మడి పైలట్ ప్లాంటును బాలాపూర్‌లోనే, స్పష్టమైన గడువుతో మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాదు పౌరుడొకరు