కొత్త సామాను కొనకముందు విప్పిన చోట చూడమనండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఈమధ్య ఒక పాఠకుడు అడిగారు, ఇంట్లోనే ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైమూత) దించి దాని కింది గాస్కెట్ మార్చి మళ్లీ బిగించాను, ఇప్పుడు పెట్రోల్ కారు స్టార్ట్ కావడం లేదు, ఏం చేయాలి అని. బ్యాటరీ మార్చి చూడండి, అప్పటికీ కాకపోతే ఫ్యూయల్ పంపు మార్చండి అని మీరు జవాబు వేశారు. అది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. విప్పకముందు స్టార్ట్ అయిన బండి, బిగించాక ఆగింది. మనం చెయ్యే పెట్టని పంపు సరిగ్గా అప్పుడే పాడవడం ఎప్పుడో గానీ జరగదు. తప్పు దాదాపుగా మన చెయ్యి తగిలిన చోటే ఉంటుంది, పెట్టడం మర్చిపోయిన సాకెట్టో, తారుమారైన వైరో, ఒక పన్ను జరిగిన బెల్టో. విప్పిన వరసలోనే వెనక్కి వెళ్లి చూడమని చెప్పాలి కదండీ, డబ్బు పెట్టి కొత్తవి కొనమంటే ఎలా?

స్టార్ట్ కావడం లేదు అంటే ఏం జరుగుతోందో ముందు అడగాలి. తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతోందా, తిరగడం లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. సెల్ఫ్ తిరగకుండా టకటకమంటుంటే బ్యాటరీ టెర్మినళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి, ఆ తర్వాత ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే మందపాటి ఎర్త్ వైరు. పని కోసం దాన్ని విప్పి చివర్లో బిగించకుండా వదిలేయడం చాలామంది చేసేదే. డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది కాబట్టి కరెంటు బాగానే ఉంది అనుకుంటాం, కానీ సెల్ఫ్‌కు కావలసినంత మాత్రం అందదు. మీటరు ఉంటే ఇంకా సులువు, నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించవచ్చు.

హెడ్ దించిన బండి కాబట్టి ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. సెల్ఫ్ కొద్దిగా తిరిగి ఠక్కున ఆగిపోతుంటే సిలిండర్లోకి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, దిగి ఉండవచ్చు. గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కలేం, బలవంతంగా కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో నెమ్మదిగా తిప్పాలి.

ఇక అసలు భయం టైమింగ్ గురించి, అంటే పిస్టన్ల కదలికకూ వాల్వులు తెరుచుకుని మూసుకునే వేళకూ ఉండాల్సిన పొత్తు గురించి. హెడ్ దించాలంటే చాలా కార్లలో టైమింగ్ బెల్టో చైనో తీయక తప్పదు, మళ్లీ వేసేటప్పుడు పళ్లచక్రాల మీది మార్కులు కలిసినట్టే కనిపించి, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ బిగించగానే ఒక పన్ను పక్కకు జరగవచ్చు. చాలా ఇంజిన్లలో పిస్టన్ పైకి వచ్చేసరికి వాల్వు మూసుకుని ఉండాలి, లేదంటే రెండూ కొట్టుకుంటాయి, వాల్వు వంగుతుంది. అలాంటి బండికి బ్యాటరీ మార్చి ఇంకా గట్టిగా సెల్ఫ్ కొట్టమనడం ఎంత ప్రమాదమో మీరే ఆలోచించండి. బెల్టు వేశాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ సరిగ్గా కలుస్తున్నాయా అని చూడాలి, రెండు చుట్లు ఎందుకంటే క్రాంకు రెండుసార్లు తిరిగితే క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక్కసారి తిరుగుతుంది. మధ్యలో గట్టిగా తగిలి ఆగితే ఇంకాస్త బలం పెట్టి లాగకూడదు, అక్కడే ఆపి బెల్టు మళ్లీ విప్పాలి. చెవి పెట్టి వింటే సెల్ఫ్ చప్పుడులోనూ తెలుస్తుంది. బాగున్న ఇంజిన్ ప్రతి కంప్రెషన్ దగ్గరా కాస్త బరువెక్కి, మళ్లీ తేలికై, ఒక లయలో తిరుగుతుంది. టైమింగ్ బాగా తప్పినా వాల్వులు వంగినా ఆ బరువు ఉండదు, జుయ్యిమని ఖాళీగా తిరిగేస్తుంది. ఆ చప్పుడు వింటే తాళం తీసి పక్కన పెట్టేయమనండి, దయచేసి.

టైమింగ్ సరిగ్గా ఉండి, సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజిన్ మాత్రం అందుకోకపోతే సాకెట్లు చూడాలి. క్రాంక్ సెన్సర్ సాకెట్ ఊడిపోయి ఉంటే చాలా కార్లలో కాయిల్ ప్లగ్గులకు నిప్పురవ్వ ఇవ్వదు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లూ పనిచేయవు, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం ముల్లు కదలకపోవడం దానికి మంచి గుర్తు. కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్ చదివే చిన్న స్కానర్ ఉంటే, పి0335 అని వస్తే క్రాంక్ సెన్సర్ వైపు, పి0016 అని వస్తే క్రాంక్, క్యామ్ పొత్తు కుదరలేదని, అంటే మళ్లీ బెల్టు వైపు చూడాలి. ప్లగ్గు వైర్లు విడిగా ఉన్న పాత ఇంజిన్ అయితే వరస తప్పి ఉండవచ్చు, నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ప్లగ్గులు వెలిగే వరస ఎక్కువగా 1-3-4-2, వైర్లు మారితే ఇన్‌టేక్‌లోనో సైలెన్సర్‌లోనో టపటపా పేలుతుంది. హెడ్ దించినప్పుడు దుమ్ము పడకుండా ఇన్‌టేక్‌లో దూర్చిన గుడ్డ అక్కడే ఉండిపోయిందేమో కూడా చూడమనాలి.

పంపు సంగతి చివర్లో ఒక్క మాట. చాలా కార్లలో తాళం ఆన్ చేయగానే ట్యాంకు వైపు నుంచి ఒకటి రెండు సెకన్లు సన్నగా గుర్రుమంటుంది, అది వినిపిస్తే పంపు తిరుగుతోందన్నమాటే, వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే చూసి తర్వాత పంపు గురించి ఆలోచించాలి.

ఎడతెరిపి లేకుండా సెల్ఫ్ కొట్టడం వల్ల జరిగే నష్టం ఎవరూ చెప్పరు. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీద ఆయిల్‌ను కడిగేస్తుంది, దాంతో కంప్రెషన్ ఇంకా తగ్గుతుంది, మిగిలింది సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి తర్వాత దాన్ని కాల్చేస్తుంది. ఒకసారికి 10 సెకన్లు మించకూడదు, మధ్యలో స్టార్టర్ మోటార్ చల్లారనివ్వాలి. ప్లగ్గులు పెట్రోలుతో తడిసిపోతే తీసి ఆరబెట్టాలి, కరెంటు వస్తోందో లేదో చూడటానికి ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు, పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ తెప్పించకూడదు.

అందుకే నా విన్నపం. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఏమేం విప్పారు, సెల్ఫ్ ఎలా తిరుగుతోంది, బిగించాక చేత్తో తిప్పి చూశారా అని ఆ పాఠకుణ్ణే తిరిగి అడిగి, ఆ తర్వాతే జవాబు వేయండి. ఆ హెడ్ గాస్కెట్ పాఠకుడికైతే వచ్చే సంచికదాకా ఆగకుండా నేరుగా కబురు పంపండి, టైమింగ్ మార్కులు చూసుకునేదాకా సెల్ఫ్ కొట్టవద్దని.

ఇట్లు,
మీ పాఠకుడు