కాపర్‌బ్యాండ్ చేప తిండి సంగతి చెప్పకుండా అడ్వాన్సు ఆపుకున్నందుకు ఫిర్యాదు

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా,
28-05-2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
సముద్రపు అలంకార చేపల విక్రయ సంస్థ,
చెన్నై.

విషయం: అడ్వాన్సు రూ.2,000 వాపసు, వెబ్‌సైటులోని తప్పుడు వివరాల సవరణ గురించి.

అయ్యా,

మీ వెబ్‌సైటులో రూ.4,500 ధర వేసిన కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేపను నా పేరు మీద ఉంచమని ఈ నెల మొదట్లో రూ.2,000 పంపాను. దాన్ని పగడాలు పెంచే నా రీఫ్ ట్యాంకులో వేయాలా వద్దా అన్నది, ఆ చేప తింటోందా వంటి కొన్ని సంగతులు మీ నుంచి తెలిశాకే తేల్చుకుంటానని, కుదరకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలని ముందే వాట్సాప్‌లో రాశాను. మీ సిబ్బంది ‘సరే సార్’ అని జవాబిచ్చారు. ఇప్పుడేమో సంగతులూ చెప్పరు, డబ్బూ ఇవ్వరు. ‘బుక్ చేసిన చేపకు వాపసు లేదు’ అంటున్నారు. ఆ నిబంధన మీ రసీదులో లేదు, వెబ్‌సైటులోనూ లేదు.

ఈ చేప మీద నాకు ఆశ పుట్టించింది మీరే. నా 450 లీటర్ల ట్యాంకులో రాళ్ల సందుల్లో ఐప్టేసియా అనే పువ్వులాంటి సముద్ర జీవి కలుపు మొక్కలా పెరిగింది. తెంపితే పోయే రకం కాదది. రాతికి అంటుకున్న చిన్న ముక్క నుంచే మళ్లీ లేస్తుంది, పక్కనున్న పగడంలాంటి జోయాంతస్‌లను కుడుతుంది. దానికి మందు ఉందా అని ఫోను చేస్తే, ‘మందెందుకు సార్, కాపర్‌బ్యాండ్ వేయండి, వారంలో ఊడ్చేస్తుంది’ అన్నారు మీ ప్రతినిధి. ఊడ్చేసే కాపర్‌బ్యాండ్‌లు ఉన్న మాట నిజమే. ఐప్టేసియా వైపు కన్నెత్తి చూడనివీ ఉన్నాయి. ఈ రెండో మాట ఆయన చెప్పలేదు. పైగా నా ట్యాంకులో ఈకల కుచ్చులా కనిపించే ఫెదర్ డస్టర్ పురుగులు ఉన్నాయి. ఆ చేప ముందుగా వాటి పని పట్టే అవకాశమే ఎక్కువ. అయినా మీ పేజీలో పెద్ద అక్షరాలతో ‘రీఫ్ సేఫ్’ అని, అంటే రీఫ్ ట్యాంకులోని జీవులకు హాని చేయదని ఉంది.

ఆ పేజీ గురించి ఇంకొంచెం చెప్పాలి. బటర్‌ఫ్లై చేపల్లో దాదాపు 130 జాతులున్నాయి, అన్నింటి తిండీ ఒకటి కాదు. క్లైన్ బటర్‌ఫ్లై రకరకాల ఆహారానికి అలవాటు పడుతుంది. పిరమిడ్ బటర్‌ఫ్లై నీటిలో కొట్టుకొచ్చే ప్లవకాలు తింటుంది కాబట్టి పగడాల జోలికి పెద్దగా పోదు. మెలన్ బటర్‌ఫ్లైకి బతికున్న పగడపు పాలిప్‌లే ఆహారం, అవి లేకపోతే మాడి చస్తుంది. మీరు మాత్రం మూడింటికీ ఒకే ఆకుపచ్చ గుర్తు పెట్టి ‘కొత్తవారికి అనుకూలం’ అని రాశారు. కాపర్‌బ్యాండ్ పేజీలోని ఫొటో అయితే కాపర్‌బ్యాండ్‌దే కాదు. ఒళ్లంతా పసుపుతో, సూది మూతితో ఉన్న ఆ చేప ఫోర్సిపిజర్ అనే వేరే బటర్‌ఫ్లై. కాపర్‌బ్యాండ్‌కు తెల్లని ఒంటి మీద నారింజ పట్టీలు, వెనక పైరెక్క మీద కన్నులాంటి నల్లమచ్చ ఉంటాయి. చేపలు అమ్ముకుని బతికేవారికి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను.

మెలన్ ఎలా బతుకుతుందని అడిగితే, దాని తిండికి గట్టి పగడాల ముక్కలు కూడా మీరే పంపుతామన్నారు. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అమ్మకూడని జీవుల జాబితాలో ఉన్నాయి. ఆ మాట ఫోనులో అన్నారు కాబట్టి సరిపోయింది. రాసి పంపి ఉంటే ఈ లేఖ అటవీ శాఖకు కూడా వెళ్లేది.

ఇక అసలు విషయం. నేను అడిగిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఒకటే: మీ దగ్గరున్న ఆ చేప తింటోందా? కాపర్‌బ్యాండ్ విషయంలో మిగతావన్నీ దీని తర్వాతే. సముద్రంలో అది పొడుగాటి మూతిని రాళ్ల పగుళ్లలోకి దూర్చి పురుగులను, చిన్న జీవులను ఏరుకుని తింటుంది. అలాంటిదాన్ని పట్టి అద్దాల మధ్య పెట్టి, ఫ్రీజరులోంచి తీసిన మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవులు) చల్లితే అది ఆహారమని గుర్తు పట్టని చేపలే ఎక్కువ. పక్కనే తిండి తేలుతున్నా రోజుల తరబడి పస్తులుండి పోతాయి. అందుకే తెలిసినవారు ఈ చేపను దుకాణంలో కళ్లారా తినడం చూశాకే కొంటారు. నాకు ఇక్కడ చేపల మేతకు వాడే ఆర్టీమియా కొరత లేదు, పచ్చి ఆల్చిప్పలు తెచ్చి పెట్టగలను. కానీ అప్పటికే నీరసించిన చేపకు అవేవీ పనికిరావు.

నా ప్రశ్నకు మొదట వచ్చిన జవాబు, ‘మా దగ్గర అన్ని చేపలూ తింటాయి సార్’. వీడియో పంపమంటే ఒకటి పంపారు. దాని మూలన వేరే దేశపు దుకాణం ముద్ర ఉంది. ఆ సంగతి అడిగాక మీ ట్యాంకులో తీసిన మరొకటి వచ్చింది. అందులో చేప ఈదుతోంది, మైసిస్ రాలుతోంది, చేప మూతి దాని వైపు తిరగబోతుండగా వీడియో ఆగిపోయింది. ఆ కాసేపట్లోనే నాకు కనిపించిందేమిటంటే, తల వెనక వీపు కండ లోపలికి నొక్కుకుపోయి ఉంది. కడుపు మాడిన చేపకు కనిపించే గుర్తు అది. ఎప్పుడు వచ్చిందని అడిగితే ఒకరు నెలయిందన్నారు, మరొకరు పోయిన వారం పెట్టెలో దిగిందన్నారు. క్వారంటైన్‌లో, అంటే విడిగా ఉంచినప్పుడు, పరాన్నజీవులకు వేసే కాపర్ మందు వాడారా అంటే జవాబే లేదు.

మా ప్రాంతంలో రొయ్యల రైతు సీడ్ కొనేటప్పుడు హ్యాచరీ వారు పీసీఆర్ రిపోర్టు (వ్యాధి పరీక్ష ఫలితం) చేతికిస్తారు. రైతు ఆ రొయ్య పిల్లలను గ్లాసులోకి తీసుకుని పేగు నిండుగా ఉందా లేదా చూస్తాడు, అనుమానం వస్తే ల్యాబుకు పంపుతాడు. పైసల్లో లెక్కకట్టే పిల్లకు జరిగేపాటి పరీక్ష రూ.4,500 చేపకు చేయడానికి మీకు బరువైంది.

ప్రాణంతో చేరుస్తామని మీరిచ్చే హామీ కూడా చదివాను. సంచి విప్పిన రెండు గంటల్లో చనిపోతేనే అది వర్తిస్తుందట. రోహిణి కార్తె ఎండల్లో బస్సు డిక్కీలో వచ్చే చేపకు ఆ హామీ మంచిదే. ఈ చేప చచ్చేది దారిలో కాదు, నా ఇంట్లో, వారాల తర్వాత, ఆకలితో. అప్పటికి మీ హామీ గడువు తీరిపోయి ఉంటుంది.

కాబట్టి ఈ చేపను నేను తీసుకోవడం లేదు. నా రూ.2,000 చెల్లించిన ఖాతాకే తిరిగి పంపండి. ఆ పేజీలోని ఫొటో మార్చండి, ‘రీఫ్ సేఫ్’ ముద్ర తీసేయండి, ప్రతి బటర్‌ఫ్లై కింద అది ఇప్పుడు ఏమి తింటోందో రాయండి. ఏమీ తినకపోతే ఆ మాటే రాయండి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లేకపోతే 2019 చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

మరో కాపర్‌బ్యాండ్ వచ్చి, వరుసగా కొన్ని రోజులు మైసిస్ తింటే కబురు చేయండి. నేనే చెన్నై వచ్చి, మీ ట్యాంకు ముందు నిలబడి చూసి, పూర్తి ధర కట్టి తీసుకెళతాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కావలి.

జతపరిచినవి: అడ్వాన్సు రసీదు, వాట్సాప్ సంభాషణ ప్రతులు, మీరు పంపిన రెండు వీడియోలు, వెబ్‌సైటు పేజీ ఫొటోలు.