చెల్లెమ్మ కంచంలో ఏముందో చూడు బావా

పాలకొల్లు దగ్గర మన ఊరి నుంచి,

బావా,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఇదే కబురు. చెల్లెమ్మకి మూడో నెల అని చెప్పగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. ఫోన్‌లో చెప్పాలనుకున్నవాటిలో సగం కూడా చెప్పలేకపోయాను. దాళ్వా ఊడ్పులు నిన్నటితో అయ్యాయి, ఇవాళ మధ్యాహ్నం కాస్త తీరిక దొరికింది. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. రెండో కాన్పప్పుడు మా ఆవిడకి, అదే మీ చెల్లికి, ఆరో నెలలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకి కనీసం 11 ఉండాలి. 7 కంటే దిగితే ప్రాణం మీదకి వస్తుంది. డాక్టరమ్మ కాగితం చూసి నావైపు తిరిగి, "ఈవిడ ఇంట్లో ఏం తింటోందండీ?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు బావా. గాదెలో ధాన్యం, పెరట్లో అరటి, కొబ్బరి, పాకలో పాడిగేదె, ఊరి చుట్టూ చేపల చెరువులు. అలాంటి ఇంట్లో కడుపుతో ఉన్న మనిషికి రక్తం లేదు.

ఆ వారమంతా గమనించాను. పొద్దున్నే టీ. పనులన్నీ తెమిలాక పదింటికి రెండు ఇడ్లీలు, వెంటనే మళ్ళీ టీ. మధ్యాహ్నం నాన్నకి, నాకు, పెద్దాడికి వడ్డించి, అమ్మకి పెట్టి, ఆఖర్న తను కూర్చునేది. అప్పటికి చేపల పులుసులో ముక్క మిగిలేది కాదు, పప్పు గిన్నె అడుగున గరిటెడు ఉండేది. అన్నం మాత్రం బోలెడు. దాన్లో పచ్చడి, తర్వాత మజ్జిగ కలుపుకుని లేచిపోయేది. తినొద్దని ఎవరూ అనలేదు. ఏం తిన్నావని కూడా ఎవరూ అడగలేదు.

నీకు చెప్పాలని కూర్చుంది ఇదే. గర్భిణి తిండి సంగతి ఆడవాళ్ళు చూసుకుంటారులే అనుకోకు. రోజుకొక్కసారైనా చెల్లెమ్మ కంచంలోకి చూడు. ఆవిడకి ముందు వడ్డించండి, లేదా అందరూ ఒకేసారి కూర్చోండి. మా ఇంట్లో మేం మొదట మార్చుకున్నది అదే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సగం మందికి పైగా! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టాకి అన్నానికి కొదవ లేదు. కానీ పాలిష్ పట్టిన తెల్లన్నం కడుపు నింపుతుంది, రక్తం పట్టించదు. పక్కన పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర ఉండాలి.

"ఇద్దరి కోసం తినాలమ్మా" అని అత్తయ్యగారు అంటూనే ఉంటారు కదా. ఆ మాటకి రెండింతలు అన్నం పెడతారు. మీ హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం గర్భిణికి రోజూ అదనంగా కావలసింది 350 కేలరీలు. అంటే గ్లాసుడు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశెనగ గుళ్ళు. అంతే! పెరగాల్సింది అన్నం కాదు, మాంసకృత్తులు. ఏడో నెల నుంచి అవి రోజుకి ఇంకో 22 గ్రాములు అదనంగా కావాలట. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, అందుకే పప్పు, పెరుగు, చేప ఏదీ వదలకూడదు. మన కొర్రమీను, శీలావతి, చిన్న పరిగెలు బాగా ఉడికించి పెట్టొచ్చు. సొర లాంటి పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం చేరుతుంది కాబట్టి అవి మాత్రం ఇప్పుడు వద్దు.

ఇక బిళ్ళలు. ఇప్పుడు చెల్లెమ్మ వేసుకుంటున్నది ఫోలిక్ యాసిడ్ అయి ఉంటుంది. ఆ చిన్న బిళ్ళ చూసినప్పుడల్లా నాకు మన భీమవరం గుర్తొస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక రక్తం తగ్గిపోయే జబ్బు అది. ఆయనకీ వచ్చి, తృటిలో తప్పింది. అంతకు కొన్నేళ్ళ తర్వాత లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయిలో రక్తహీనతతో ఉన్న గర్భిణులని, బట్టల మిల్లుల కూలీలని పరీక్షించి, ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం వాళ్ళకి రక్తం పట్టిస్తోందని 1931లో రాసింది. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన సుబ్బారావుగారే. స్ప్రూకి కూడా అదే మందయింది. బిడ్డ వెన్ను, మెదడు రూపుకట్టేది మొదటి నెలలోనే కాబట్టి అసలు కడుపు రాకముందు నుంచే వేసుకోవాల్సిన బిళ్ళ అది. మీ తమ్ముడికి పెళ్ళయ్యాక ఈ మాట చెప్పు.

నాలుగో నెల నుంచి ఐరన్ బిళ్ళ ఇస్తారు, రోజుకొకటి చొప్పున 180 రోజులు. కాన్పయ్యాక మళ్ళీ అన్ని రోజులు. దీని దగ్గరే అందరూ తప్పు చేస్తారు. మీ చెల్లి టీతో మింగేది! టీ, కాఫీ ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. పాలు, కాల్షియం బిళ్ళ కూడా అంతే, అందుకే ఆ రెండు బిళ్ళలకీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. రాత్రి భోజనమయ్యాక కాసేపాగి నిమ్మరసంతో వేసుకుంటే మేలు. విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం ఉంటుంది. అది చూసి భయపడి చాలామంది మానేస్తారు. మానొద్దని చెప్పు. మరీ పడకపోతే డాక్టర్ని అడిగితే వేరేది రాస్తారు.

ఎర్రగా ఉంటుంది కదా అని బీట్‌రూట్‌ని, బెల్లం ముక్కని నమ్ముకుని కూర్చోకండి. మేం రెండు నెలలు అలాగే కూర్చున్నాం. తోటకూర, పొన్నగంటికూర, మునగాకు పప్పులో వేసి పైన నిమ్మకాయ పిండండి. మాంసం, చేపల్లోని ఇనుము ఇంకా తేలిగ్గా ఒంటబడుతుంది.

పథ్యాల సంగతి. అత్తయ్యగారిని నొప్పించకుండా నువ్వే చెప్పాలి. పచ్చి బొప్పాయి వద్దనడం సబబే, దాని పాలు మంచివి కావు. బాగా పండిన బొప్పాయితో భయం లేదు. గుడ్డు వేడి అని మానడం, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని ఆఖరి నెలల్లో తిండి తగ్గించడం మాత్రం నేను ఒప్పుకోను. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డని బతికించుకోవడం ఎంత కష్టమో మా వీధిలో కళ్ళారా చూశాను. కుంకుమపువ్వుతో రంగు రాదు. ఆ డబ్బుతో నెలంతా గుడ్లు కొనొచ్చు.

వేవిళ్ళు తగ్గేదాకా కొంచెం కొంచెంగా, గంటకీ రెండు గంటలకీ ఏదో ఒకటి పెట్టండి. లేవగానే కాసిని మరమరాలు తింటే కడుపులో తిప్పడం తగ్గేదని మీ చెల్లి అంటోంది. ఇంకో మాట, సుద్ద గానీ పచ్చి బియ్యం గానీ మట్టి గానీ తినాలనిపిస్తోందేమో మెల్లగా అడుగు. సిగ్గుపడి చెప్పరు. రక్తం తక్కువైనవాళ్ళలో ఆ కోరిక తరచూ కనిపిస్తుంది. సీమంతం మిఠాయిల హడావిడికి ముందే చక్కెర పరీక్ష కూడా చేయించు.

పురిటికి రాజోలు వచ్చాక అంగన్‌వాడీలో పేరు రాయించండి. గుడ్లు, పాలు ఇస్తారు. "లేనివాళ్ళకి కదా, మనకెందుకు" అని మేం వెళ్ళలేదు. అక్కడ ప్రతి నెలా బరువు కూడా చూస్తారు, ఎవరు బిళ్ళలు మానేశారో కనుక్కుంటారు. వెళ్ళుంటే ఆరో నెల దాకా మాకు తెలియకుండా ఉండేది కాదు. ఐరన్ ఇంజెక్షన్లు పడ్డాయి, రోజూ గుడ్డు, చేప పడ్డాయి, తొమ్మిదో నెలకి 10.2కి వచ్చింది. పాప 2.8 కిలోలతో పుట్టింది. ఆ మూడు నెలలూ నాకు నిద్ర లేదు బావా.

అమ్మ సున్నుండలు, మునగాకు కారప్పొడి చేసింది. శనివారం రాత్రి బస్సుకి పంపుతున్నాను, పొద్దున్నే వెళ్ళి తీసుకో. చెల్లెమ్మకి వచ్చే వారం రక్తపరీక్ష ఉందన్నావుగా, కాగితం చేతికి రాగానే హిమోగ్లోబిన్ ఎంతుందో నాకు మెసేజ్ పెట్టు.

నీ బావ