వార్షిక నివేదిక: ఈ ఏడాది వీపు మీదే మన శ్రద్ధంతా

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో తల్లిదండ్రులు ఒక మాట గట్టిగానే అడిగారు. పిల్లలు దగ్గర్నుంచి బాగానే కొడుతున్నారు, 70 మీటర్లకు పోగానే బాణాలు ఎందుకు చెదిరిపోతున్నాయి? ఈ ఏడాది మహబూబ్‌నగర్ మైదానంలో మన విలువిద్య సంఘం చేసిన పని చాలావరకు దీని గురించే.

కోచ్‌లు గమనించింది ఏమిటంటే, చాలామంది విల్లును చేతి బలంతోనే లాగి పట్టుకుంటున్నారు. నారి గడ్డం కిందికి వచ్చాక ఆ బరువంతా ముంజేయి మోస్తే కాసేపటికే వణుకు మొదలవుతుంది. మోచేయి ముందుకు జారితే బాణం కిందికి పోతుంది. క్లిక్కర్ (విల్లుకు బిగించిన సన్నని రేకు; బాణం మొన దాని కిందనుంచి జారగానే టక్కుమంటుంది, అప్పుడే బాణం వదలాలి) దాటించాలని వేళ్లతో గుంజితే పక్కకు పోతుంది. అదే బరువు రెక్క ఎముకల నడుమ కండరాల మీదికి మళ్లితే వేళ్లు, మణికట్టు వదులుగా ఉంటాయి, నారి ముఖాన్ని ఒరుసుకుంటూ శుభ్రంగా జారిపోతుంది. బ్యాక్ టెన్షన్ అంటే ఇదే.

ఎక్స్‌పాన్షన్, అంటే లాగి నిలిపాక ఇంకాస్త సాగడం, ఆ తర్వాతి మెట్టు. యాంకర్ (లాగిన చేయి గడ్డం కింద ఆనే చోటు) కుదిరేసరికి బాణం మొన క్లిక్కర్ కింద ఒకటి రెండు మిల్లీమీటర్లే మిగలాలి. ఆ కాస్త దూరం చేత్తో లాగేది కాదు. కుడిచేతి వాటం వాళ్లకైతే కుడి రెక్క ఎముక వెన్నెముక వైపు జరుగుతూ, ఎడమ చేయి గురి వైపు సాగుతూ ఉండాలి. ఛాతీ మాత్రం పైకి లేవకూడదు. చూసేవాళ్లకు ఒళ్లు కదిలినట్టే ఉండదు. కానీ లోపలి కదలిక ఆగకూడదు, బాణం వెళ్లాక కూడా.

వేసవిలో ఎండ ముదరకముందే పిల్లల్ని బట్రెస్ (బాణాలు గుచ్చుకునే మందపాటి దిమ్మ) ముందు దగ్గరగా నిలబెట్టి, టార్గెట్ కాగితం లేకుండా, కళ్లు మూసుకుని బాణాలు వేయించాం. స్కోరు లేని సాధన ఏమిటని కొందరు అలిగారు. అయినా మానలేదు. ఒకరు వేస్తుంటే ఇంకొకరు వెనక నిలబడి, లోపలి కదలిక ఆగిందేమో తెలిసేలా రెక్క ఎముకల మధ్య అరచేయి ఆనించేవారు. అచ్చంపేట వైపు నుంచి వచ్చే పదో తరగతి అమ్మాయికి ఆమె జతగత్తె "అక్కా, ఆగిపోయింది" అని క్లిక్కర్ పడకముందే చెప్పేది. ఆమె బాణం వదలకుండా విల్లు దించి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టేది. చెడిన షాట్‌ను అలా దించగలగడమే నా దృష్టిలో ఈ ఏటి పెద్ద విజయం. పతకాలు దీని తర్వాతే.

కాంపౌండ్ (కప్పీలుండే విల్లు) పిల్లల ఇబ్బంది వేరు, వాళ్లు నారిని వదిలే పరికరం ట్రిగ్గర్‌ను వేలితో పొడుస్తారు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ మ్యాచ్‌లు చూపించి, బాణం వెళ్లాక ఆమె మోచేయి ఎటు పోతుందో చూడమన్నాం.

లెక్కల పత్రం నోటీసు బోర్డులో ఉంది. ఒక్క మనవి. నిండుగా లాగి 30 సెకన్లు వణక్కుండా నిలపలేని పిల్లలకు బరువైన లింబ్స్ (విల్లుకు పైనా కిందా ఉండే వంగే బద్దలు) కొనకండి. ముందు కోచ్‌ను అడగండి.

– కార్యదర్శి