చంపావతి నీటిని తాగడానికే ఉంచండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

విజయనగరం పౌరుడి నమస్కారాలు.

మా పట్టణం దాహం తీర్చే ఆధారాల్లో చంపావతి ఇసుకలోని ఊటబావులు ముఖ్యమైనవి. ఆండ్ర వైపు కొండల నుంచి దిగి, గజపతినగరం, నెల్లిమర్ల మీదుగా కోనాడ దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది అది. ఎండలు ముదిరితే ఇసుకే మిగులుతుంది. ఆ ఇసుక అడుగున ఊరిన నీటిని తోడి, వడకట్టి, క్లోరిన్ కలిపి, కరెంటు ఖర్చు పెట్టి పట్టణానికి తెచ్చుకుంటున్నాం. తెచ్చుకున్న ఆ నీటితోనే కార్లు కడుగుతున్నాం, శ్లాబులు తడుపుతున్నాం, మరుగుదొడ్లలో పోస్తున్నాం. కుళాయి దగ్గర బిందెలు బారులు తీరిన రోజుల్లో కూడా ఇదే తీరు. కొరత కన్నా ఈ వాడకమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. ఇలాంటి పనులకు శుద్ధిచేసిన మురుగునీటిని వాడాలన్నదే నా విన్నపం.

ఒక్క లెక్క చూడండి. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది జాతీయ ప్రమాణం. ఇచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్ల అంచనా. మా జనాభా రెండు లక్షలు దాటి చాలా కాలమైంది. ఆ ప్రమాణంలో సగమే అందుతోందనుకున్నా, రోజుకు కోటి లీటర్లకు పైగా మురుగునీరు వస్తుంది. వాన పడినా పడకపోయినా వచ్చే నీరు ఇదొక్కటే.

దీన్ని వాడుకోవడం కొత్తేమీ కాదు. నాగపూర్ మురుగునీరు శుద్ధి అయి కొరాడి, ఖాపర్‌ఖేడా థర్మల్ కేంద్రాలకు వెళుతోంది. చెన్నైలో 2019లో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున శుద్ధి చేసే కేంద్రాలు రెండు మొదలై, పరిశ్రమలకు నీరిస్తున్నాయి. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి ఇలాంటి నీటిని తాగునీటిలోనే కలుపుతున్నారు. మేము అంత దూరం వెళ్లమనడం లేదు. నోటి దాకా వెళ్లనవసరం లేని పనులకు వాడమంటున్నాం, అంతే. నగర అవసరాల్లో 20 శాతం, పరిశ్రమల అవసరాల్లో 40 శాతం శుద్ధిచేసిన నీటితో తీరాలని కేంద్ర ప్రభుత్వ పట్టణ నీటి పథకం అమృత్ 2.0 కూడా చెబుతోంది.

మొదట నగరపాలక సంస్థ సొంత పనులతో ప్రారంభించండి: పార్కులు, డివైడర్ల మొక్కలు, రోడ్లు తడపడం, కాలువలు కడగడం. తర్వాత బస్సు డిపోలు, వాహనాలు కడిగే దుకాణాలు, భవన నిర్మాణం. శుద్ధి కేంద్రం దగ్గర ట్యాంకర్లు నింపుకునే పాయింటు పెట్టి, బోరు నీటి ట్యాంకరు కన్నా తక్కువ ధరకు ఇస్తే మేస్త్రీలు వాళ్లంతట వాళ్లే వస్తారు. పాత వీధులు తవ్వి రెండో గొట్టం వేయడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ భోగాపురం విమానాశ్రయం వల్ల ఇటువైపు లేవబోయే లేఅవుట్లకు, హోటళ్లకు ఆ కష్టం లేదు. మరుగుదొడ్లకు, తోటకు వేరే గొట్టం ఉంటేనే ప్లాను మంజూరు చేయాలన్న నిబంధన ఇప్పుడే పెట్టండి. గోడలు లేచాక పెడితే లాభం లేదు.

నాణ్యతలో మాత్రం రాజీ పడకండి. బెంగళూరు మురుగునీరు 2018లో కోలారు చెరువులకు చేరినప్పుడు నురగ తేలి, వ్యవహారం హైకోర్టుకెక్కింది. అక్కడ సూక్ష్మజీవులతో మలినాలను తగ్గించే రెండో దశ శుద్ధితోనే సరిపెట్టారు. ఇసుక వడపోత, క్రిమిసంహారం ఉండే మూడో దశను ఖర్చు పేరుతో ఇక్కడ తీసేయవద్దు. పచ్చిగా తినే ఆకుకూరలకు ఈ నీరు పెట్టనివ్వకండి. పైడితల్లమ్మ విగ్రహం దొరికిందని పెద్దలు చెప్పే మా పెద్దచెరువులోకి శుద్ధికాని చుక్క చేరకూడదు. పరీక్షల ఫలితాలను ప్రతి వారం వార్డు సచివాలయాల బోర్డు మీద తెలుగులో రాయించండి. అసహ్యం, అనుమానం ప్రజలకు సహజం. ప్రసంగాలతో అవి పోవు, కళ్ల ముందు అంకెలుంటే తగ్గుతాయి.

వచ్చే వేసవిలోగా ఒక శుద్ధి కేంద్రానికి, ఒక ట్యాంకరు పాయింటుకు నిధులు మంజూరు చేయించండి. స్థలం ఖరారు చేసే ముందు ఆ చుట్టుపక్కల కుటుంబాలను పిలిచి, విజయనగరంలోనే బహిరంగంగా మాట్లాడించండి. ఆ సమావేశానికి మీరూ రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
విజయనగరం పట్టణ పౌరుడు